మేస్త్రీ పెట్టిన ఎర్ర చుక్కలు

బాగేపల్లి మేస్త్రీ పోయినాడు. ఆ కబురు నాకు సోమేనహళ్ళిలో, పట్టపగలు, పందిట్లో నిలబడి ఉండగా వచ్చింది. శెనక్కాయలు ఆరబోసిన కళ్ళం పక్కన నలభై యాభై మంది కూర్చుని ఉన్నారు. నేను నాలుక గురించి చెప్తున్నాను. నాలుకకు ఎముక లేదు గాని అది విరగ్గొట్టిన ఎముకలకు లెక్క లేదని గొంతు పెంచి, వేలెత్తి, ఎప్పటి మాదిరే మండిపోతున్నాను. జేబులో ఫోను అదిరింది. ప్రవచనం మధ్యలో నేను ఫోను తియ్యను. మళ్ళీ అదిరింది. మూడోసారి తీసి చూస్తే మేస్త్రీ ఇంటామె, నేను వదినమ్మా అని పిలిచే తల్లి.

“అప్పా, మీ అన్న తెల్లారి పోయినాడు. నువ్వు చెప్పేది ముగించుకోనే రా, తొందరేం లేదు” అనింది.

ఇంక ఏం ముగించేది? వాక్యం నోట్లో సగంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నేను సగం వాక్యంతో పందిరి దిగింది అదే మొదలు. గొంతు పట్టేసిందేమో అనుకుని ఒక అవ్వ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడినాను గాని తాగబుద్ధి కాలేదు. ఆ పొద్దున నేను ఎవరెవరి నాలుకలనో తిడుతున్నాను. ఆ దెబ్బ మొదట తగలాల్సింది నా నాలుకకే. అది తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనని మనిషి ఆయన.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి గుణాలు రాస్తారు. నేనూ రాస్తాను. కాని ఆయన గుణం రాయాలంటే నా తప్పు రాయక తప్పదు. రెండూ ఒకే బోల్టుకు బిగించి ఉన్నాయి.

బాగేపల్లిలో పాత బస్సురోడ్డు నుంచి లోపలికి తిరిగి నూనె మిల్లు దాటితే ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. పాత మోటారు సైకిళ్ళకు ప్రాణం పోసేది అక్కడే. యాభై అరవై ఏండ్ల కిందటి బండ్లు, తాతలవి, మామలవి, కోళ్ళగూటికి ఆనించి మరిచిపోయినవి, లగేజీ ఆటోల్లో పడుకోబెట్టుకుని తెచ్చేవాళ్ళు. చిక్కబళ్ళాపురం నుంచి, చింతామణి నుంచి, బెంగళూరు నుంచి కూడా. ఎవరు వచ్చినా మేస్త్రీ ముందు బండి వైపు చూసేవాడు కాదు, తెచ్చినవాడి వైపు చూసేవాడు. చూసి ఒకటే అడిగేవాడు. “ఇది చూసేదానికా, తిరిగేదానికా?”

చూసేదానికి అంటే, అంగడి నుంచి దిగిన నాటి మాదిరిగా, అప్పటి భాగాలతోనే, ఆ కాలపు రంగుతోనే చెయ్యాల. అలాంటి భాగాలకోసం ఆయన పాత ఇనుము అమ్మే గుజరీ అంగళ్ళు ఎన్నయినా తిరిగేవాడు. ఒక్క దీపం గాజు కోసం ఎనిమిది నెలలు ఆగినాడు. తిరిగేదానికి అంటే, ఈనాటి రోడ్డుకు, ఈనాటి పెట్రోలుకు, ఈనాటి లారీలకు తట్టుకునేటట్టు లోపల మార్చాల. ఆయనకు రెండింట్లో ఏదీ తక్కువ కాదు. బెంగళూరు నుంచి వచ్చిన పెద్ద ఉద్యోగస్తుడి బండిని అద్దాలగదిలో పెట్టుకునేటట్టు చేసిచ్చినాడు. అదే వారంలో గుడిబండె దగ్గర రైతు ఒకాయన, పాత బండికి శెనక్కాయ మూట కట్టుకుని మిల్లుకు రావాల, ఎట్లైనా చెయ్యప్పా అంటే, వెనక చక్రానికి వేరే బండి స్ప్రింగులు బిగించి పంపినాడు. ఆ రైతు, చూసేదానికి బాగలేదే అని నసిగినాడు. మేస్త్రీ నవ్వి, నీ పెండ్లాం కూడా అట్లే అనుకోనుంటాది, కాపురం చెయ్యలేదా అన్నాడు.

ఎవరైనా నాకు రెండూ కావాలంటే మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేవాడు. “చూసేదానికి చేస్తా. తిరిగేదానికి చేస్తా. ఒకటి చేసి రెండోదని చెప్పమంటే నా చేత కాదప్పా” అనేవాడు.

అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వేరే ఏ మెకానిక్కు దగ్గరా నేను చూడలేదు. బండిలో మూలానిది కాని భాగం ఏది బిగించినా, దాని మీద సన్నటి కుంచెతో ఎర్ర రంగు చుక్క ఒకటి పెట్టేవాడు. కందిగింజంత. దీపం లోపలైనా, ఇంజను కిందైనా, ఎవరికీ కనపడని చోటైనా సరే. తీసేసిన పాత భాగాలను కిరసనాయిలుతో కడిగి, గుడ్డలో మూటగట్టి యజమానికి ఇచ్చేసేవాడు. ఆయుధపూజ కుంకుమ అనుకుని కొందరు ఆ చుక్కలకు దండం పెట్టుకునేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.

ఇంక నా సంగతి. మాది బట్టలంగడి కుటుంబం. నేను బడిలో చదివింది తక్కువ. అంగట్లో కూర్చుని, గిరాకీ లేనప్పుడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని పురాణాలు చదివి, నాకు నేనే గురువునై, ఊరూరా ప్రవచనం చెప్పడం మొదలుపెట్టినాను. చేతిసంచిలో గ్రంథం లేకుండా నేను గడప దాటను. తాగేవాళ్ళను తిట్టినాను. వడ్డీలు పిండేవాళ్ళను తిట్టినాను. కల్తీ అమ్మేవాళ్ళను వాళ్ళ అంగడి ముందరే నిలబడి తిట్టినాను. మూలం మారకూడదు, ధర్మంలో డూప్లికేటు లేదు అనేది నా పల్లవి. మేస్త్రీ ఎప్పుడైనా వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. ఒకసారి ముగిసినాక ఎట్లుందన్నా అని అడిగితే చెవి గోక్కుని, నీ ప్రవచనం టూ స్ట్రోకు బండి మాదిరి ఉండాది స్వామీ, శబ్దం ఎక్కువ, పొగ ఎక్కువ, ఎక్కినోడు మాత్రం ఊరు చేరతాడు అన్నాడు. అది పొగడ్తో తిట్టో ఈరోజుకీ తేల్చుకోలేదు.

మా నాయనది ఒక పాత బండి ఉండింది. రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. కిక్కు కొట్టినాక దాన్ని ముందుకు వంచితే అదే గేరవుతుంది. తెలియనివాడు దొంగిలించినా నడపలేడని నాయన మురిసిపోయేవాడు. దాని మీద బట్టల మూటలు కట్టుకుని చింతామణి సంతకు, చేళూరు సంతకు, గుడిబండె సంతకు తిరిగినాడు. ఆయన పోయినాక బండి గోడౌన్లో టార్పాలు కింద పద్దెనిమిదేండ్లు ఉండింది. అమ్మ దాన్ని అమ్మనియ్యలేదు, ఎక్కనియ్యలేదు. అమ్మ కూడా పోయినాక నేను దాన్ని టార్పాలుతోనే ఆటోలో వేసుకుని మేస్త్రీ దగ్గరికి పోయినాను.

ఆయన అడిగేది అడిగినాడు. నేను రెండో మాట లేకుండా చెప్పినాను. “ఒక్క బోల్టు కూడా మారకూడదు. మా నాయన ఎట్ల తెచ్చినాడో అట్లే కావాల. అట్లే కావాల, దాని మీదనే నేను ఊర్లు తిరగాల.”

మేస్త్రీ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

ఆ పొద్దు మా ఇద్దరికీ జరిగిన వాదం ఒక పూట పట్టింది. నేను గ్రంథం తీసినాను. మూలవిరాట్టును మారుస్తారా అన్నాను. ఆయన అన్నాడు, జీర్ణోద్ధారం చేసేటప్పుడు దేవుణ్ణి కలశంలోకి దించి, గుడికంతా రిపేరీ చేసి, మళ్ళీ లోపల కూర్చోబెడతారు కదా స్వామీ, అప్పుడు కొత్త సున్నం వాడరా? నేను చిరిగిన బట్ట విడిచి కొత్త బట్ట తొడుక్కునే ఆత్మ సంగతి చెప్పబోయినాను. సగం చెప్పినాక అర్థమైంది, అది నా వాదానికి కాదు, ఆయన వాదానికే సాక్ష్యమని. ఆయన నవ్వలేదు. లేచి టార్పాలు తీసి, పెట్రోలు ట్యాంకు మీద రెండు పక్కలా వేలు పెట్టి చూపించినాడు. అక్కడ రంగు పోయి లోపలి రేకు అరచేతంత మేర తెల్లగా మెరుస్తాంది. మా నాయన మోకాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని అట్లయింది.

“మూలం యాడ ఉండాదని అడుగుతావు. ఇదిగో ఇక్కడుండాది. దీన్ని నేను తాకను. రంగు కూడా వెయ్యను. మిగతా కాయిలు, కార్బొరేటరు, బ్రేకులు, అవి తిండి లాంటివి. తిన్నది మారతా ఉంటాది. ఆరు ఓల్టు దీపం పెట్టుకోని హైవేలో చింతామణికి పోతానంటావు. ఎదురొచ్చే లారీవోనికి నువ్వు మిణుగురు పురుగు మాదిరి కనపడతావప్పా.”

ఒప్పుకున్నాను. మనస్సులో కాదు, నోటితో. మూడు నెలలకు బండి తయారైంది. అప్పజెప్పిన దినం ఆయన నన్ను కింద కూర్చోబెట్టి, టార్చి వేసి, ఒక్కొక్క భాగం చూపించినాడు. పన్నెండు ఓల్టు కాయిలు, చుక్క. కార్బొరేటరు, చుక్క. బ్రేకు లైనర్లు, చుక్క. మొత్తం పదకొండు. నాతో వేలు పెట్టించి ఒకటి, రెండు అని లెక్క పెట్టించినాడు. పాత భాగాల మూట చేతికిచ్చినాడు. స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద, పిడి చెవికి పెట్టి, డాక్టరు మాదిరి కండ్లు మూసుకుని విన్నాడు. నా చెవికీ పెట్టినాడు. లోపల మా నాయన సంత నుంచి వచ్చే శబ్దం వినపడింది. నేను ఏడ్చినాను. ఆయన అటు తిరిగి సామాన్లు సర్దుకున్నాడు.

ఏడాది ఆ బండి మీద తిరిగినాను. ఊర్లలో జనం బండి చుట్టూ మూగేవాళ్ళు. పాతదేనా స్వామీ అని అడిగేవాళ్ళు. పాతదే అనేవాణ్ణి. తర్వాత తర్వాత, అంతా పాతదేనా అని అడిగితే అంతా పాతదే అన్నాను. ఇంకా కొన్నాళ్ళకు అడగకముందే చెప్పినాను. ప్రవచనంలోకి తెచ్చినాను. మా నాయన బండిని చూడండి, ఒక్క బోల్టు మారలేదు, ధర్మం అంటే అట్లుండాల అని. జనం చప్పట్లు కొట్టినారు. చప్పట్లు తాగుడు లాంటివి. నేను అందరినీ మాన్పించినాను, నన్ను మాన్పించేవాడు లేకపోయినాడు.

అప్పుడు చిక్కబళ్ళాపురంలో ఒక బడి మైదానంలో పాత వాహనాల ప్రదర్శన పెట్టినారు. నన్ను బండి తెచ్చి పెట్టమన్నారు, నాలుగు మాటలు చెప్పమన్నారు. దానికి ముందు నేను బండిని అదే ఊర్లో ఒక రంగులు వేసే అతని దగ్గరికి తీసుకుపోయినాను. కొత్తదాని మాదిరి మెరవాలన్నాను. అతను సగం విప్పి, ఈ ఎర్ర చుక్కలేంది స్వామీ, కుంకుమా, ఉంచేదా అని అడిగినాడు.

అప్పలారా, అమ్మలారా, ఇక్కడ ఆగండి. నేను ఇన్నేండ్లుగా మీ ముందర నిలబడి పాపం ఎట్ల మొదలవుతుందో చెప్పినాను. కోరిక నుంచి, కోపం నుంచి అని చెప్పినాను. నా పాపం ఇట్ల మొదలైంది. ఒక మనిషి మర్యాదగా ఒక ప్రశ్న అడిగినాడు. నేను, కుంకుమ కాదులే, కొట్టెయ్ అన్నాను. అంతే. టీ తాగుతూ అన్నాను.

పదకొండు చుక్కలూ పోయినాయి. ట్యాంకు మీద మా నాయన మోకాళ్ళ అరుగు కూడా ఒకే దెబ్బకు రంగు కింద పోయింది. బండి అద్దం మాదిరి మెరిసింది.

ప్రదర్శన నాడు మైకు పట్టుకుని చెప్పాల్సినంతా చెప్పినాను. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, బండ్లను చూసి మార్కులు వేసేవాడు, నా బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దీపం ఊడదీసి చూసినాడు. కింద గోరుతో గీకినాడు. లేచి చేతులు తుడుచుకుని, మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు, “ఇదు ఒరిజినల్ అల్ల, స్వామీ” అన్నాడు కన్నడంలో, ఇది ఒరిజినల్ కాదని. మెల్లగా అన్నా మైకు నా చేతిలో ఉండింది. మైదానమంతా వినపడింది.

ఎవరో నవ్వినారు. నా ముఖం కాలిపోయింది. అప్పుడు తాడు అవతల, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నిలబడిన మేస్త్రీ కనపడినాడు. నేను మాట్లాడతానని తెలిసి బాగేపల్లి నుంచి బస్సులో వచ్చినాడు. నేను ప్రవచనంలో ఎత్తే వేలే ఎత్తినాను.

“అదిగో, ఆ నిలబడినాయన. నమ్మి మా నాయన బండి చేతిలో పెట్టినా. నాకు చెప్పకుండా అంతా మార్చి నన్ను మోసం చేసినాడు.”

ఒక రాజు యుద్ధంలో సగం నిజం పలికినందుకు, నేలకు అంటకుండా పోయే ఆయన రథం నేలకు దిగిందని నేను వందసార్లు చెప్పింటాను. నాది సగం నిజం కూడా కాదు. పూర్తి అబద్ధం. అయినా మైకు మోగింది, ఆకాశం విరిగి మీద పడలేదు, జనమంతా నా వైపు కాక ఆయన వైపు తిరిగినారు. మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి, శుభ్రంగా ఉన్న చేతులను తుడుచుకున్నాడు. తిరిగి బస్టాండు దారి పట్టినాడు. మార్కులు వేసే పెద్దాయన ఆ బండికి కిందటి రోజే రంగు పడిందని కనిపెట్టినాడో లేదో నాకు తెలియదు. కనిపెట్టినా, ప్రవచనం చెప్పే మనిషి మాట మీద ఎవరు అనుమానపడతారు?

పాత బండ్ల పని నమ్మకం మీద నడిచే పని. లోపల ఏం బిగించినాడో ఎవరూ విప్పి చూసుకోరు. మేస్త్రీ చెప్తే నమ్మాల. ఆ నమ్మకాన్ని నేను మైకులో చంపినాను. బెంగళూరు బండ్లు రావడం ఆగిపోయింది. తర్వాత చింతామణివి. షెడ్డు ముందర నిలబడిన నాలుగైదు బండ్లను కూడా పని కాకముందే తోలుకుపోయినారు. ఆయన కొత్త స్కూటర్లకు పంచర్లు వేసుకుంటా, ఆయిలు మార్చుకుంటా కాలం నెట్టినాడు. దీపం గాజు కోసం ఎనిమిది నెలలు ఆగిన చేతులతో.

నేను కూడా చాలా దినాలు నా అబద్ధాన్ని నేనే నమ్మినాను. చుక్కలు పెట్టినాడు సరే, చుక్కలు పెడితే మార్చొచ్చని అర్థమా అని నాతో నేనే వాదించుకున్నాను. గ్రంథం తెలిసినవాడికి ఒక సౌకర్యం ఉంది. ఏ పాపానికైనా ఒక శ్లోకం దొరుకుతుంది.

ఒక సాయంకాలం గుడిబండె నుంచి వస్తుంటే గాలి దుమ్ము లేచింది. కొండ కనపడలేదు, రోడ్డు కనపడలేదు. దీపం వేసినాను. మలుపులో ఎదురుగా లారీ వచ్చింది, వచ్చి నాకు మూరెడు దూరంలో పక్కకు కోసుకుని గుంటలోకి ముందు చక్రం దించి నిలబడింది. డ్రైవరు దిగి బీడీ అంటించుకున్నాడు. లైటు కనపడబట్టి సరిపోయింది స్వామీ, లేకుంటే ఇద్దరమూ పోయింటిమి అన్నాడు. నేను రోడ్డు పక్కన కూర్చున్నాను. దుమ్ములో ఆ దీపం తెల్లగా, నిబ్బరంగా వెలుగుతానే ఉంది. పన్నెండు ఓల్టులది.

మర్నాడు క్షమాపణ అడగాలని బాగేపల్లి పోయినాను. నూనె మిల్లు వరకు పోయినాను. షెడ్డు ముందర ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, స్వామి వచ్చినాడు అని దండం పెట్టినారు. వాళ్ళ ముందర నోరు రాలేదు. వాళ్ళు పోయినాక వస్తాలే అనుకుని బండి తిప్పుకున్నాను. అట్ల తిప్పుకోవడం ఎన్నిసార్లో నాకే తెలియదు. ఒక్కోసారి నిజంగానే జనం ఉండేవాళ్ళు. ఒక్కోసారి ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఈ ఏడాది ఆయన ఊపిరితిత్తులు చెడిపోయినాయి. ఎన్నేండ్ల రంగు, ఎన్నేండ్ల పొగ. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చేర్చినారని తెలిసి పోయినాను. మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, సంచిలోంచి గ్రంథం తీసినాను. ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నాడు.

“మూసిపెట్టప్పా. బండి ఎట్లుండాది?”

బాగుండాదన్నా అన్నాను. చైను బిగించుకుంటాండావా అని అడిగినాడు. బిగించుకుంటాండా అన్నాను. కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత చుక్కలు మళ్ళీ పెట్టించు అన్నాడు. నేను తల దించుకున్నాను. నా కోసం కాదు, రేపు నువ్వూ నేనూ లేనప్పుడు ఎవడో విప్పుతాడు, విప్పినోనికి ఏది ఏదో తెలియకపోతే బండి చెడిపోతాది అన్నాడు. ఆయన బాధ అదే. బండి చెడిపోతుందని.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచినాను. నర్సమ్మ వచ్చి, బయటికి పోండి, సూది వెయ్యాల అనింది. రేపు వస్తా అన్నా అని లేచినాను. రేపు నాకు సోమేనహళ్ళిలో ప్రవచనం ఉందని అప్పుడు గుర్తు లేదు. గుర్తు వచ్చినాక ఎల్లుండి పోతాలే అనుకున్నాను.

దినాల నాడు ఆయన ఇంటి ముందర షామియానా వేసినారు. భోజనాలు కాకముందు నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. సంచి వదినమ్మ చేతికి ఇచ్చి, గ్రంథం లేకుండా నిలబడినాను. ఇప్పుడు మీకు రాసిందంతా వాళ్ళకు చెప్పినాను. రంగులతను అడిగిన మాట, నేను ఇచ్చిన జవాబు, మైకు, వేలు. మేస్త్రీ ఏదీ దాచలేదు, దాచింది నేను అని చెప్పినాను. చింతామణి నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, బండ్లు తోలుకుపోయినవాళ్ళు ఉన్నారు. నా మాట విని తాగుడు మానేసిన ఒకాయన ముందు వరుసలో ఉండినాడు. లేచి, చెప్పులు వేసుకుని, భోంచెయ్యకుండా పోయినాడు. ఆయన వీపు చూస్తా నేను ముగించినాను.

వదినమ్మ దగ్గరికి పోయి కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

“ఆయన ఉండేటప్పుడు చెప్పింటే వినేటోడు కదప్పా” అనింది.

తర్వాత, అందరూ తిని పోయినాక, పిలిచి సంచి ఇస్తా ఇంకొక మాట చెప్పింది. ఆ మైదానం నుంచి వచ్చిన దినం ఆమె ఆయన్ని నిలదీసిందట. నోరెందుకు ఎత్తలేదు, చుక్కలు పెట్టినానని ఎందుకు చెప్పలేదు అని. అప్పుడాయన చెప్పినాడట. ఆయప్ప మాట విని నలుగురు సారాయి మానినారు. నేను నోరెత్తితే రేపు ఆయప్ప మాట ఎవురు వింటారు? లోపల ఏముంటే ఏమిలే, నడుస్తాండాడు కదా. నడిచేదాన్ని విప్పకూడదు.

నేను ఆయనకు బండి మాత్రమే ఇచ్చినాననుకున్నాను. ఆయన నన్ను కూడా చూసినాడు. చూసి, తిరిగేదానికి పనికొస్తాడని వదిలేసినాడు. పన్నెండో చుక్క నాకు పెట్టాల్సింది. పెట్టలేదు.

ఇప్పుడు నా పందిళ్ళకు జనం తగ్గినారు. వచ్చినవాళ్ళు కూడా ముందు మాదిరి తల ఊపరు, చూస్తా కూర్చుంటారు. అది న్యాయమే. ఇది చదివినవాళ్ళు పాత బండ్లు ఉన్నవాళ్ళకు చెప్పండి. బాగేపల్లి మేస్త్రీ చేతిలో పడిన బండి మీ దగ్గర ఉంటే, విప్పి చూసుకోండి. ఎర్ర చుక్క ఉన్నది ఆయన మార్చినది. లేనిది మూలానిది. ఆ మాటలో అబద్ధం లేదు.

షెడ్డును వదినమ్మ ఉంచుకోలేకపోయింది. సెల్‌ఫోన్లు అమ్మే అతను తీసుకున్నాడు. నున్నటి బండలు పరచాలని కింద నేల తవ్విస్తాండాడు. నిన్న పోయి చూసినాను. నలుగురు కూలివాళ్ళు గడ్డపారలు వేస్తాండారు. నలభై ఏండ్ల ఆయిలు తాగిన మన్ను, బొగ్గు మాదిరి నల్లగా, పెళ్ళలు పెళ్ళలుగా లేస్తాంది. నల్లటి మన్ను మీద బండలు నిలవవు, ఎర్రమన్ను తగిలేదాకా తవ్వండని చెప్పినాడట. మోకాలి లోతు తవ్వినారు, నల్లగానే ఉంది. నడుము లోతుకు పోయినారు. గంప ఎత్తుకున్న కూలామె గుంటలోంచి నన్ను చూసి, అంగడి మాదే అనుకునింది.

“ఇంకా ఎంత లోతుకుండాదప్పా ఇది?” అని అడిగింది.

నాకు తెలియదమ్మా అన్నాను. ఆమె గంప దించి పక్కకు జరిగింది. వెనక ఉండే కూలాయన గడ్డపార ఎత్తి మళ్ళీ వేసినాడు. నల్లటి మన్నే లేచింది.